ఇటుక మోసే కూలీ

రామప్ప చెరువు కట్ట మీద సద్ది విప్పేసరికి మధ్యాహ్నం రెండైంది. పొద్దున ఆరింటికి కట్టుకొచ్చిన పెరుగన్నం. వాసన చూస్తుంటే మా పెద్దమ్మ కసిరింది: "పెరుగు కలిపిన బిడ్డా, ఏం గాదు!"

పెద్దమ్మ మాటలో సగం నిజం. ఆ సగం మాత్రం మహా సొగసైనది.

పాలంపేట దాకా వచ్చాం గనుక ఇటుకల లెక్కనే చెప్పుకుందాం. 1213లో రేచర్ల రుద్రుడు ఇక్కడ కట్టించిన రామప్ప గుడి శిఖరానికి నీళ్లలో తేలేంత తేలికైన ఇటుకలు వాడారు. అన్నాన్ని పాడుచేసే బ్యాక్టీరియాకూ చుట్టూ గోడ ఉంటుంది. దాన్ని నిత్యం కట్టుకుంటూనే ఉంటుంది. లోపల తయారైన ఇటుకను నెత్తిన పెట్టుకుని గోడ లోపలి పొర దాటించే కూలీ ఒకటుంది. ఇటుకా కూలీ కలిపి దాని పేరు లిపిడ్-2. పాలను పులియబెట్టే లాక్టోకాకస్ లాక్టిస్‌లో కొన్ని రకాలు నిసిన్ అనే పెప్టైడ్‌ను వదులుతాయి. 34 అమైనో ఆమ్లాల గొలుసు, అంతే. అది పోయి ఆ కూలీని ఒడిసిపడుతుంది. గోడ పని ఆగిపోతుంది. అంతటితో ఊరుకోదు, పట్టుకున్న కూలీలనే గుంజలుగా నిలిపి పొరకు కన్నం వేస్తుంది. ఎనిమిది నిసిన్లకు నాలుగు లిపిడ్-2లు చొప్పున ఒక్కో కన్నం. లోపలి పొటాషియం, శక్తినిచ్చే ఏటీపీ కారిపోయి లిస్టీరియా లాంటి బ్యాక్టీరియా చస్తుంది. చీజ్ డబ్బా మీద ఈ-234 అని కనిపించేది ఈ నిసినే.

ఇక మిగతా సగం. సాల్మొనెల్లా, ఈ-కోలై లాంటి బ్యాక్టీరియాకు గోడ బయట ఇంకో పొర ఉంటుంది, ఓరుగల్లు రాతికోట చుట్టూ మట్టికోటలాగా. నిసిన్ అక్కడే ఆగిపోతుంది. పైగా మనింటి తోడులో నిసిన్ చేసే రకమే ఉందని ఎవరు చూశారు? పెరుగన్నానికి అసలు కాపలా పులుపుదే. ఇదేం తెలుసుకోకుండా, మన పూర్వీకులు అన్నీ కనిపెట్టేశారని వాట్సాప్‌లో పంపేవాళ్లను చూస్తే నాకు ఒళ్లుమంట.

అన్నానికి పుట్టు శత్రువు బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా. దాని బీజాలు ఉడికినా చావవు. అన్నం గంటల తరబడి బయట ఉంటే అవి మొలిచి, వాంతులు తెప్పించే విషం తయారుచేస్తాయి. ఆ విషాన్ని తర్వాత కలిపే పెరుగూ విరవదు, మళ్లీ వేడిచేసినా పోదు. అందుకే అడిగాను: "అన్నం ఎప్పుడు వండినవ్ పెద్దమ్మా?"

"రాత్రి మిగిలిందే. పొద్దుగాల కలిపిన."

నేను అరటిపండుతో సరిపెట్టుకున్నాను. ఆమె రెండు గిన్నెలు తిన్నది. ఆమెకేం కాలేదు, ఇంట్లో నా సైన్సుకే విలువ పోయింది.