ఉమ్మనీరు, తల్లి దాహము

నెలలు నిండవచ్చిన గర్భిణికి స్కానింగు చేసి, "ఉమ్మనీరు తగ్గింది, ఇక ఆపరేషనే" అని చెప్పినంతనే ఇంటిల్లిపాదియు కంపించిపోవుట నేడు తఱచుగా చూచుచున్నాము. ఆ కాగితముపై నున్న అంకె ఎట్లు వచ్చినదో ఆ యింటివారికి చెప్పువారు అరుదు. బొడ్డు కేంద్రముగా ఉదరమును నాలుగు భాగములు చేసి, ప్రతి భాగమునందును నీరు మిక్కిలి లోతుగా నున్న చోట నిలువుకొలత తీసి, నాలుగింటిని కూడగా వచ్చునదే ఆ సూచిక; అది 5 సెంటీమీటర్లకు మించనిచో నీరు తక్కువ యని వైద్యులెంచుదురు. కాని యీ నీరు నిలువనీరు కాదు. శిశువు మ్రింగుచు, మూత్రముగా విడుచుచు నుండుటచే అనుక్షణము మాఱునది. తల్లి దాహార్తయై రక్తము చిక్కబడినచో శిశువునకు చేరు జలము తగ్గును, దానితో శిశువు మూత్రమును, ఉమ్మనీరును తగ్గును.

1991లో అమెరికాలో పరిశోధకురాలు కిల్‌పాట్రిక్, ఆమె సహచరులును ఉమ్మనీరు తగ్గిన గర్భిణులచే కొద్ది గంటలలో 2 లీటర్ల నీరు త్రాగించి మరల కొలువగా సూచిక పెరిగినది. వైద్యపరిశోధనలను ఒకచోట కూర్చి పరిశీలించు కాక్రేన్ సంస్థవారి 2002 నాటి సమీక్ష యీ పెరుగుదలను సుమారు 2 సెంటీమీటర్లుగా లెక్కించినది. రక్తముతో సమమైన లవణసాంద్రత గల సెలైను ఎక్కించినపుడు మాత్రము ఇట్టి ఫలము కానరాలేదు. సెలైను సీసాకై పరుగెత్తు మనవారు గమనింపవలసిన విషయమిది. ఆ పరిశోధనలు చిన్నవి; బిడ్డకు దీర్ఘకాలిక క్షేమము చేకూరునని అవి నిరూపింపలేదు. అయినను తెలంగాణములో నూటికి 60.7 ప్రసవములు శస్త్రచికిత్సచే జరుగుచున్నవని 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పుచుండగా, ఉమ్మనీటి సంచి పగులక, బిడ్డ ఎదుగుదల, కదలిక, గుండెచప్పుడు సక్రమముగా నున్న తల్లికి, గడువు దాటనిచో, కత్తి పట్టుటకు ముందు నీరు త్రాగించి మరునాడైనను మరల కొలుచుట వైద్యధర్మమని నా దృఢవిశ్వాసము.

నీరు సర్వరోగనివారిణి యని దీని భావము కాదు. సంచి పగిలి నీరు పోవుచున్నను, బిడ్డ కదలిక తగ్గినను, రక్తపోటు పెరిగినను ఇంట కూర్చుండి చెంబులు ఖాళీచేయుట ప్రాణాపాయము. వెంటనే ఆసుపత్రికి పోవలెను. గుండె, మూత్రపిండముల వ్యాధి గలవారు వైద్యుని యడుగక అధికముగా త్రాగరాదు.

ఇంకొక మాట. వేసవియెండలో పల్లె నుండి బస్సులో పట్టణమునకు వచ్చు గర్భిణి, దారిలో మరుగుదొడ్డి దొరకదను భయముతో, తెల్లవాఱినది మొదలు గుక్కెడు నీరైనను ముట్టదు. పాదములు వాచినవి గనుక నీరు త్రాగవలదని వారించు పెద్దలును కలరు. అట్లు ఎండిన దేహముతో వచ్చి బల్లపై పరుండిన యామెకు తీయు కొలత న్యాయమైన కొలత యగునా?

స్కానింగు కేంద్రములు నడుపువారికిని, ఆరోగ్యశాఖాధికారులకును నా విన్నపమొక్కటే: ప్రతి కేంద్రమునందును గర్భిణులకు చల్లని మంచినీరు, శుభ్రమైన మరుగుదొడ్డి తప్పక ఏర్పఱచుడు, కొలతకు ముందు "నీరు త్రాగితివా తల్లీ?" అని యడుగుడు.