తిండి సుట్టీ



ఈ నెల పిట్టల ముచ్చట. సాంచాల మీద బతికినోడికి పిట్టల ఫోటోలెందుకని నవ్వకండి. చదివినాక నవ్వండి.

పరేల్, లాల్‌బాగ్ చాళ్లలో ఉన్నోళ్లకు శివ్‌డీ కొత్త కాదు. హార్బర్ లైన్ స్టేషన్‌లో దిగి తూర్పు దిక్కు జెట్టీకి పోతే, సముద్రం తగ్గినప్పుడు బురద మైదానం తేలుతుంది. చలికాలం నుంచి వానలు పడే ముందు దాకా అక్కడ రాజహంసలు మేస్తుంటాయి. మరాఠీ వాళ్లు రోహిత్ అంటారు. మన దిక్కు పులికాట్ సరస్సుకు కూడా వస్తాయి కదా, ఆ పిట్టలే. మిల్లులో ఉన్నన్నాళ్లు నేను ఒక్కసారి పోయి చూసింది లేదు.

మా ఇంటామెకు రెండేళ్ల నుంచి మోకాళ్ల నొప్పులు. మూడు అంతస్తుల మెట్లు దిగలేదు. టీవీలో ఆ పిట్టలను చూసి, "ఇంత దగ్గర ఉండి కూడా చూడకపోతిమి" అన్నది. "ఫోటో తీసుకొచ్చి చూపిస్త" అని మాట ఇచ్చిన. మనుమడి పాత కెమెరా తీసుకొని పోయిన.

మొదటి రోజు పొద్దున ఏడింటికే పోయిన. అక్కడి ఒడ్డు తూర్పుకు చూస్తది కాబట్టి ఎండ నేరుగా కంట్లో కొట్టింది. పిట్టలన్నీ నల్లటి బొమ్మల్లెక్క పడ్డయి. రెండో రోజు మధ్యాహ్నం పోతే సముద్రం చాలా దూరం పోయింది, దాని వెంట పిట్టలూ పోయినయి. కెమెరాలో చూస్తే నూలు ముళ్లంత కనబడ్డయి. జెట్టీ మీద చాయ్ అమ్మే అతను చెప్పిండు: "కాకా, గడియారం చూసి రావద్దు. పోటు వేళ చూసి రావాలె. పోటు రోజూ యాభై నిమిషాల దాకా వెనక్కి జరుగుతది. నీళ్లు నిండితే మేత ఉండదు, మరీ తగ్గితే పిట్ట దూరం. నడిమధ్యనే దగ్గరికొస్తయి." పాళీ మారినట్లే అన్నమాట.

మూడోసారి వేళ కుదిరింది. సాయంత్రం, ఎండ వెనక ఉన్నది, పిట్టలు యాభై అడుగుల దూరంలో ఉన్నయి. అయినా తృప్తి కాలేదు. అన్నీ తలలు బురదలో పెట్టి ఉన్నయి, ఒక్కటీ మొహం చూపదు. పక్కన పెద్ద కెమెరాలోళ్లు ఎగిరే ఫోటో కోసం కాచుకొని ఉన్నరు. నాకూ ఆశ పుట్టింది. సాంచా ఖాతాలో ఆ మోతకు మాట వినబడదు కదా, వేళ్లు నోట్లో పెట్టి ఈల వేసి పిలుచుకునేటోళ్లం. ఆ ఈల ఒక్కటి వేసిన.

వందల పిట్టలు ఒక్కసారి లేచినయి. కెమెరా నొక్కిన. నాకు సంబరమైంది. పక్కన ఉన్న ఒక ఆడపిల్ల మాత్రం కోపంగా చూసి, "కాకా, నీళ్లు ఎక్కేదాకానే వాటి తిండి. మీరు లేపిండ్రు" అన్నది. నేను జవాబు చెప్పలేదు.

ఇంటికొచ్చి చూపించిన. రెక్కలన్నీ చెదిరి మసకగా వచ్చినయి. ఎగిరే పిట్టకు సెకండులో వెయ్యో వంతు వేగం పెట్టాలట, నాకేం తెలుసు. మా ఇంటామె చాలాసేపు చూసి, "ఎందుకు ఉరుకుతున్నయి ఇవి? ఎవరన్న కొట్టిండ్రా?" అని అడిగింది.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మిల్లులో తిండి సుట్టీ అరగంట. డబ్బా తెచ్చేది ఈమెనే, గేటు దగ్గర నిలబడేది. ఒక జాబర్ ఉండేటోడు. రెండు ముద్దలు తినంగనే ఈల వేసేటోడు, "దారం తెగింది, రా" అని. లేచి పోయి వచ్చేసరికి భోంగా మోగేది. ఎన్నిసార్లు సగం డబ్బా వాపసు పోయిందో ఈమెకు ఎరుక. ఆ జాబర్‌ను ఇన్నేళ్లు తిట్టుకున్న. అదే ఈల నేను వేసిన.

నాలుగోసారి పోయిన. ఒక మూలన కదలకుండ కూర్చున్న. తెగిన దారం కోసం గంటలకొద్ది చూసిన కండ్లు కదా, ఓపిక కొత్త కాదు. గంటకు పిట్టలు వాటంతట అవే దగ్గరికొచ్చినయి. బురద మెరుపుకు తెలుపెక్కకుండ కెమెరాలో వెలుతురు కొంచెం తగ్గించిన, గులాబి రంగు నిలిచింది. ముక్కు తలకిందులు చేసి నీళ్లు వడగడుతున్నయి. ఆ మేతతోనే వాటికి ఆ రంగు వస్తదట. మొహాలు లేవు, వంగిన మెడలే. అట్లనే తీసిన.

ఈసారి ఆమె ఫోటో చూసి నవ్వింది. "తింటున్నయి, తిననియ్యి" అన్నది. ఆ ఫోటో ఇప్పుడు మా దేవుని అర పక్కన ఉన్నది.

శివ్‌డీ పోయేటోళ్లు పోటు వేళ చూసుకొని పోండి. ఎండ వెనక ఉండేటట్టు సాయంత్రం మంచిది. ఈల మాత్రం వేయకండి.

వచ్చే నెల మళ్లీ కలుద్దాం.