పైన పటారం, లోన లొటారం

ఈ నెల సామెత ఇది. పటారం అంటే పైపై మెరుపు, ఆడంబరం. లొటారం అంటే లోపల ఏమీ లేకపోవడం. పైకి గొప్పగా కనిపించి లోపల సరుకు లేనివాటిని మన పెద్దలు ఇలా అంటారు. కొత్తగా రంగు వేసిన పాత లారీకి ఈ సామెత చక్కగా సరిపోతుంది.

మీ తాతగారు డర్బన్ మార్కెట్‌కు కూరగాయలు తోలిన పాత బెడ్‌ఫర్డ్ మీ పెరట్లో ఉందనుకోండి. తుప్పు గీకించారు, రంగు వేయించారు, సీట్లు కుట్టించారు. తాళం తిప్పితే 'టక్' అని ఒక్క శబ్దం, అంతే. అప్పుడు ఇంట్లో రెండు మాటలు వినిపిస్తాయి. "కొత్త స్టార్టర్ కొనండి" అని ఒకరు, "ఇక అమ్మేయండి" అని ఇంకొకరు. ఆ రెండు పనులకూ ముందు ఈ పేజీ చదవండి.

మొదట జాగ్రత్తలు. గేరు న్యూట్రల్‌లో ఉంచండి. చక్రాల కింద చెక్కలు పెట్టండి. ఉంగరాలు, గాజులు, గడియారం తీసేయండి. కొన్ని పాత ఇంగ్లీషు బండ్లలో బ్యాటరీ ప్లస్ వైపే ఛాసిస్‌కు కలుపుతారు. మీ బండిలో ఎలా ఉందో ముందే చూసుకోండి.

తరువాత చెవితో వినండి. శబ్దమే లేదు, లైట్లు మాత్రం బాగా వెలుగుతున్నాయి అంటే, తాళం స్విచ్చినీ అక్కడి నుంచి సోలినాయిడ్‌కు వెళ్ళే సన్న తీగనూ చూడండి. 'టకటకటక' అంటే బ్యాటరీలో శక్తి తగ్గింది, లేదా టెర్మినల్ వదులుగా ఉంది. 'గిర్రు'మని మోటారు ఒక్కటే తిరిగి ఇంజన్ కదలకపోతే, తప్పు తీగలది కాదు, పళ్ళ చక్రానిది. ఒక్క 'టక్' మాత్రమే వస్తే లావు తీగలు, వాటి అతుకులు ముందు చూడాలి.

ఇప్పుడు మీటరు తీయండి. ఈ అంకెలు 12 వోల్టుల బండికి. కొన్ని గంటలు కదపకుండా ఉంచిన మంచి బ్యాటరీ 12.6 వోల్టులు చూపాలి. 12.2 కన్నా తక్కువైతే ముందు ఛార్జ్ చేయండి. ఇంజన్ అంటుకోకుండా కాయిల్‌కు వచ్చే సన్న తీగ తీసేసి, ఒకరిని తాళం తిప్పమనండి. అప్పుడు బ్యాటరీ 9.6 కన్నా కిందికి పడకూడదు.

తాళం తిప్పి ఉండగానే ఎర్త్‌ను కొలవండి. మీటరు ఒక కొన బ్యాటరీ ఎర్త్ టెర్మినల్ మీద, రెండో కొన ఇంజన్ ఇనుము మీద పెట్టండి. 0.2 వోల్టుల కన్నా ఎక్కువ వస్తే దొంగ అక్కడే దొరికాడు. రెండో వైపు, బ్యాటరీ నుంచి స్టార్టర్ దాకా, 0.5 దాటకూడదు.

దొంగ ఎవరు? చాలాసార్లు మనం వేయించిన కొత్త రంగే. ఇంజన్ రబ్బరు దిమ్మెల మీద కూర్చుంటుంది. రబ్బరులో కరెంటు పారదు. అందుకే ఇంజన్‌కూ ఛాసిస్‌కూ మధ్య ఒక ఎర్త్ పట్టీ ఉంటుంది. రంగు మీదే ఆ పట్టీ బిగిస్తే కరెంటుకు దారి మూసినట్టే. అప్పుడది చోక్ కేబుల్ లాంటి సన్న దారి వెతుక్కుంటుంది. ఆ కేబుల్ కాలిపోయేంత వేడెక్కవచ్చు.

మందు చవకే. ముందు బ్యాటరీ ఎర్త్ తీగ విప్పండి. బోల్టు కింద ఇనుము మెరిసేదాకా గీకండి, గట్టిగా బిగించండి. ఆ తరువాతే పైన గ్రీజు పూయండి. బ్యాటరీ ఎర్త్ తీగ అన్నిటికన్నా చివర కలపండి.

తాళం తిప్పినంతసేపు ఇంజన్ పలికి, వదలగానే ఆగిపోతోందా? చాలా బండ్లలో కాయిల్‌కు ముందు బాలస్ట్ రెసిస్టర్ అనే చిన్న ముక్క ఉంటుంది. అది తెగిందేమో చూడండి. దాని బదులు మామూలు తీగ వేయకండి, కాయిల్ వేడెక్కి పాడవుతుంది.

ఇవన్నీ సరిగా ఉంటేనే స్టార్టర్‌ను అనుమానించండి. అప్పుడు కూడా పాతదాన్ని పారేయకండి. విప్పి బాగుచేసేవాళ్ళు ఉన్నారు. మీ తాతగారి చేయి తగిలిన సామాను కొట్లో దొరకదు.

ఈ నెల మాటలు: తీగ, అతుకు, తుప్పు, గీకు, బిగించు. ఆంధ్రాలో మెకానిక్కులు స్టార్టర్‌ను 'సెల్ఫ్' అంటారు, అది కూడా రాసుకోండి. ఇంటిపని: ఇంట్లో పెద్దవాళ్ళను తెలుగులోనే అడగండి, "తాతయ్యా, తాళం తిప్పితే ఏం శబ్దం వస్తోంది?" వాళ్ళు నోటితో ఆ శబ్దం చేసి చూపిస్తారు. సగం జబ్బు అక్కడే తెలిసిపోతుంది.