పాజిటివ్ మాట కింద ఏముంది?

ఈమధ్య ఒక రాత్రి పది దాటాక మా అన్నయ్య కూతురు ఫోన్ చేసింది. గొంతు వణుకుతోంది. "బాబాయ్, ఏఎన్ఏ పాజిటివ్ వచ్చింది. నెట్‌లో చూస్తే లూపస్ అంటున్నారు." రిపోర్టు వాట్సాప్‌లో పంపమన్నాను. పాజిటివ్ అన్న మాట నల్లగా, లావుగా అచ్చయి ఉంది. దాని కింద సన్నటి అక్షరాల్లో 1:80. పిల్ల పై మాట చూసి బెదిరిపోయింది. చూడాల్సింది కింది అంకె.

మనల్ని కాపాడాల్సిన యాంటీబాడీలు దారితప్పి మన కణాల కేంద్రకాల మీదికే తిరిగితే, ఆ సంగతి పట్టిచ్చే పరీక్షే ఏఎన్ఏ. గాజు పలక మీద పరిచిన, ల్యాబులో పెంచిన హెప్-2 అనే మానవ కణాలపై మన రక్తంలోంచి తీసిన సీరం వేస్తారు. మెరిసే రంగు పట్టించిన మరో యాంటీబాడీని దానిపై వేసి, చీకటి గదిలో మైక్రోస్కోపుతో చూస్తారు. ఆ దారితప్పిన యాంటీబాడీలు ఉంటే కేంద్రకాలు ఆకుపచ్చగా వెలుగుతాయి. సీరాన్ని 80 రెట్లు పలచన చేసినా వెలిగితే 1:80, 320 రెట్లు చేసినా వెలిగితే 1:320.

ఆ వెలుగు ఆరోగ్యవంతుల్లోనూ కనిపిస్తుంది. 1997లో వివిధ దేశాలకు చెందిన 15 ల్యాబులు కలిసి చేసిన అధ్యయనంలో, ఏ జబ్బూ లేనివాళ్లలో 1:80 దగ్గర సుమారు 13 శాతం మందికి, 1:320 దగ్గర 3 శాతం మందికి పాజిటివ్ వచ్చింది. రోగనిరోధక వ్యవస్థ సొంత శరీరాన్నే దెబ్బతీసే జబ్బయిన లూపస్ ఉన్నవాళ్లలో దాదాపు అందరికీ ఏఎన్ఏ పాజిటివ్ వస్తుంది. పాజిటివ్ వచ్చిన వాళ్లందరికీ లూపస్ ఉండదు. 2019 నాటి అంతర్జాతీయ ప్రమాణాల ప్రకారం 1:80 గుమ్మం మాత్రమే. కీళ్లు, చర్మం, మూత్రపిండాలు, రక్తకణాల్లో లక్షణాలు, డీఎస్‌డీఎన్ఏ యాంటీబాడీల లాంటి రక్తపరీక్షలు కలిసి వస్తేనే అది లూపస్ కిందికి వస్తుంది.

మా పిల్లకు కీళ్ల వాపు లేదు, దద్దుర్లు లేవు, జ్వరం లేదు. జుట్టు రాలుతోందని వెళ్తే పరీక్షల చిట్టాలో ఇదీ చేరింది. రుమటాలజిస్టు ఒళ్లంతా పరీక్షించి, మూత్రం, రక్తం చూసి, మందులేమీ అక్కర్లేదన్నారు. అప్పటికి వారం రోజులు ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు.

నా తగవు పరీక్షతో కాదు. ఎండ తగిలితే ముఖం మీద దద్దుర్లు, మానని నోటిపుండ్లు, తెల్లారితే గంటల తరబడి బిగుసుకుపోయే కీళ్లు, మూత్రంలో నురగ కనిపిస్తే ఆలస్యం చేయకూడదు. అశ్రద్ధ చేస్తే లూపస్ మూత్రపిండాలనే దెబ్బతీస్తుంది. అలాంటి వాళ్లకు ఈ పరీక్ష నిజంగా దారి చూపుతుంది.

డాక్టర్లను కోరేది ఒకటే: ముందు మనిషిని చూడండి, ఆ తర్వాతే పరీక్ష రాయండి. ల్యాబుల వాళ్లను కోరేది కూడా ఒకటే: పాజిటివ్ అని లావుగా అచ్చు వేసిన చోటే, "ఇది ఆరోగ్యవంతుల్లోనూ రావచ్చు, డాక్టరును కలవండి" అని తెలుగులో ఒక్క వాక్యం అంతే లావుగా వేయండి.