'నెక్స్ట్' నొక్కే ముందు

సంపాదకులకు,

సాఫ్ట్‌వేర్‌ను తనంతట తానే ఎక్కించే ఇన్‌స్టాలర్లు సామాన్యులకు వరమంటూ గత సంచికలో వచ్చిన వ్యాసం చదివాను. శ్రమ తగ్గుతుందన్నది నిజమే. కానీ నష్టాల ఊసే ఎత్తకపోవడం సరికాదు.

ముందే టిక్కు పెట్టిన గడులతో అడగని సరుకు అంటగట్టడం వీటికి పాత అలవాటు. ఒరాకిల్ వారి జావా ఇన్‌స్టాలర్ ఏళ్ల తరబడి ఆస్క్ టూల్‌బార్‌ను వెంటబెట్టుకొచ్చింది. 2011లో డౌన్‌లోడ్.కామ్ ఎన్‌మ్యాప్‌ను, 2015లో సోర్స్‌ఫోర్జ్ గింప్‌ను, వాటిని తయారుచేసినవారు ఒప్పుకోకుండానే ఇతర ప్రోగ్రాములను అంటగట్టే ఇన్‌స్టాలర్లలో చుట్టి పంచాయి. పైగా అడ్మినిస్ట్రేటర్ అనుమతి ఒక్కసారి ఇచ్చామంటే ఇన్‌స్టాలర్ సిస్టమ్‌లో ఏ మార్పయినా చేయగలదు. తర్వాత ప్రోగ్రామును తీసేసినా విండోస్ రిజిస్ట్రీలో దాని అవశేషాలు తరచూ మిగిలిపోతాయి.

తప్పు ఆటోమేషన్‌ది కాదు, దాపరికానిది. మన చెన్నైలోని సీడాక్ సంస్థ రూపొందించిన బాస్ లైనక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌నే చూడండి. తమిళనాడు ప్రభుత్వం 2011లో మొదలుపెట్టి విద్యార్థులకు ఉచితంగా పంచిన లాప్‌టాప్‌లలో విండోస్‌తో పాటు అదీ ఉండేది. డెబియన్ ఆధారిత వ్యవస్థ కనుక, అందులో ప్యాకేజీ మేనేజర్ డిజిటల్ సంతకం సరిచూసుకుని మరీ సాఫ్ట్‌వేర్ ఎక్కిస్తుంది. ఏ ఫైలు ఏ ప్యాకేజీదో నమోదు చేస్తుంది.

రిచీ స్ట్రీట్‌లో కంప్యూటర్ కొని తెచ్చుకునే పాఠకులకు నా మనవి: సాఫ్ట్‌వేర్‌ను తయారీదారు సైటు నుంచే దింపుకోండి. 'కస్టమ్' ఎంచుకుని, ప్రతి తెరా చదివాకే 'నెక్స్ట్' నొక్కండి.

– ఒక పాఠకుడు, పెరంబూరు, చెన్నై