నిరాకరణే తుది మాట కారాదు

సూరత్ నుండి ముంబయి దిశగా సాగే రైలు మార్గంలో ఉధ్నా దాటగానే భేస్తాన్, ఆ తరువాత సచిన్ స్టేషన్లు వస్తాయి. సచిన్‌కు సమీపాన లాజ్‌పోర్‌లో సూరత్ కేంద్ర కారాగారం వున్నది. ఓరుగల్లు ప్రాంతం నుండి వలస వచ్చిన తెలుగు నేత కార్మికులు తరతరాలుగా బ్రతుకుతున్న నగరమిది. వారిలో ఒకరు జైలు పాలై, ప్రాణాంతక వ్యాధికి గురియై, ఇంటికి పంపమని పెట్టుకున్న విన్నపం ‘తిరస్కరించడమైనది’ అన్న ఒక్క ముక్కతో తిరిగి వచ్చిందనుకుందాం. భేస్తాన్‌లోని ఆ ఇల్లాలు గుజరాతీ ఉత్తర్వును ఎవరిచేత చదివించుకోవాలి? ఎవరికి మొర పెట్టుకోవాలి?

జైలు గోడలు మనకు అపరిచితమైనవి కావు. 1968 సెప్టెంబరు 19 సమ్మెలోను, 1974 మే నెల రైల్వే సమ్మెలోను మన సోదరులు వేల సంఖ్యలో నిర్బంధానికి గురైనారు. అప్పీలు విలువ కూడ మనకు తెలుసు. క్రమశిక్షణ చర్యకు గురైన రైల్వే, తపాలా ఉద్యోగికి 45 రోజులలో అప్పీలు చేసుకొనే హక్కును నిబంధనలే ఇస్తున్నవి. ఇంక్రిమెంటు నిలుపుదలకే ఇంత రక్షణ వుండగా, ప్రాణానికి సంబంధించిన నిరాకరణకు అంతకంటె తక్కువ రక్షణ న్యాయమా?

అమలాపురంలో జన్మించిన ఆచార్య జి.ఎన్. సాయిబాబా 90 శాతం అంగవైకల్యంతో చక్రాల కుర్చీకే పరిమితమైన వ్యక్తి. 2017లో యావజ్జీవ శిక్ష పడి నాగపూర్ జైలులో వుండగా, తన అనారోగ్యాన్ని, కేన్సరుతో మరణశయ్యపై వున్న తల్లిని పేర్కొంటూ తాత్కాలిక విడుదల కోరినారు. 2020 జులై 28న హైకోర్టు నిరాకరించింది. ఆగస్టు 1న తల్లి కన్నుమూసింది. అంత్యక్రియలకు సైతం ఆయన రాలేకపోయినారు. 2024 మార్చి 5న అదే హైకోర్టు ఆయనను నిర్దోషిగా ప్రకటించింది. అక్టోబరు 12న హైదరాబాదు నిమ్స్‌లో ఆయనే మరణించినారు. ఆ నాలుగు రోజులను ఏ తీర్పు తిరిగి ఇవ్వగలదు?

విచారణ ఖైదీగా వున్న 84 ఏండ్ల స్టాన్ స్వామి 2021 జులై 5న, బెయిలు అప్పీలు హైకోర్టులో పెండింగులో వుండగానే మరణించినారు. కాగా వరవరరావుకు శాశ్వత వైద్య బెయిలును 2022 ఏప్రిల్‌లో హైకోర్టు నిరాకరించినప్పటికీ, ఆగస్టు 10న సుప్రీంకోర్టు మంజూరు చేసింది. సకాలంలో విన్న అప్పీలు ప్రాణం నిలుపుతుంది. ఆలస్యమైన అప్పీలు శవపేటికకు చేరిన ఉత్తరం వంటిది.

నేరానికి బలియైన కుటుంబాల మాటేమిటని కొందరు అడుగుతారు. ఆ ప్రశ్నను మేము తేలికగా తీసుకొనడం లేదు. అయితే మేము కోరేది క్షమాపణ కాదు. వైద్యుల పరీక్షపై ఆధారపడిన, షరతులతో కూడిన విడుదల. న్యాయస్థానం విధించినది స్వేచ్ఛానష్టమే గాని, చికిత్సలేని మరణం కాదు.

శిక్ష తగ్గింపును నిరాకరించినప్పుడు కారణాలు నమోదు చేయాలని, వెంటనే ఖైదీకి తెలపాలని, నిరాకరణను సవాలు చేసే హక్కు వున్నదని జైలు అధికారులే చెప్పాలని 2025 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆదేశించింది. ఈ సూత్రం పెరోల్‌కు, వైద్య కారణాల విడుదలకు కూడ వర్తించాలి. నిర్ణయానికి, అప్పీలుకు రోజులలో గడువు నిర్ణయించాలి. ఉత్తర్వు ఖైదీకి తెలిసిన భాషలో అందాలి.

నిర్బంధంలో వున్న ప్రతి వ్యక్తికి, ఆదాయంతో నిమిత్తం లేకుండా, 1987 చట్టం ఉచిత న్యాయ సహాయాన్ని ఇస్తున్నది. మన శాఖలు ఈ సంగతిని అటువంటి కుటుంబాలకు చేరవేయాలి. విన్నపం వ్రాయడంలో తోడ్పడాలి, జిల్లా న్యాయసేవల సంస్థ వరకు వెంట నడవాలి. ఉత్తరాలు చేరవేసేవారము, బండ్లు నడిపేవారము మనమే. సమయం విలువ మనకంటె ఎవరికి బాగా తెలుసు?