మోగే ఫోను మాటలు నేర్పదు

బొత్తాలు, పాటలు ఎన్ని ఎక్కువుంటే బొమ్మ ఫోను పసివాళ్లకు అంత త్వరగా మాటలు నేర్పుతుందన్న గత సంచిక వ్యాసంలోని సలహా నిలవదు. 2016లో జామా పీడియాట్రిక్స్ పత్రికలో వచ్చిన అమెరికా అధ్యయనం 10 నుంచి 16 నెలల పిల్లలను, వాళ్ల తల్లిదండ్రులను ఇళ్లలోనే గమనించింది. మోగే, మెరిసే బొమ్మలతో ఆడేటప్పుడు పెద్దల మాటలూ తగ్గాయి, పిల్లల పలుకులూ తగ్గాయి. పుస్తకాల దగ్గర రెండూ పెరిగాయి. ఆ మోగే బొమ్మల్లో బేబీ సెల్‌ఫోను కూడా ఒకటి. బొమ్మే వాగుతుంటే అమ్మ ఊరుకుంటుంది మరి! "హలో తాతయ్యా, అన్నం తిన్నారా?" అని అడిగి, బిడ్డ జవాబు కోసం కాసేపు ఆగే మనిషి ఉంటే చెక్కముక్కయినా ఫోనే.

వ్యాసం అసలు ఎత్తనిది బ్యాటరీ సంగతి. పసివాడు మింగిన బిళ్ల బ్యాటరీ అన్నవాహికలో ఇరుక్కుంటే 2 గంటల్లోనే లోపలి పొర తీవ్రంగా కాలిపోవచ్చు. కాబట్టి బ్యాటరీ మూత స్క్రూతో బిగించి ఉండాలి, గోటితో లాగితే ఊడిరాకూడదు. 2021 జనవరి 1 నుంచి మన దేశంలో ఇలాంటి బొమ్మలకు ఐఎస్‌ఐ ముద్ర తప్పనిసరి. తిరునాళ్ల కొట్లో అట్టపెట్టె మీద 'ఎడ్యుకేషనల్' అన్న అక్షరాలు ఎంత పెద్దగా ఉన్నా, చూడాల్సింది ఆ ముద్రనే.

— ఒక పాఠకురాలు, తెనాలి